పైన పట్టిన మనిషి

ఆసుపత్రిలో అతనికి పహిల్వాన్ అని పేరు పెట్టిందెవరో ఎవరికీ గుర్తులేదు. పెట్టినవాళ్ళు మాత్రం మనిషిని సరిగ్గా చూసి పెట్టలేదు. ఆరడుగుల ఎత్తు, తలుపుకి అడ్డంగా నిలబడితే గదిలో వెలుతురు తగ్గిపోయేంత వెడల్పు. అదంతా కండే అనుకున్నారు. ఒకప్పుడు కండే, అబద్ధమెందుకు. పెళ్ళయిన ఈ పదేళ్ళలో అది కాస్త కాస్త చొప్పున కొవ్వుకి చోటిచ్చి తప్పుకుంది. ఈ సంగతి అతనొక్కడికే తెలుసు. మెట్ల మలుపుల్లో ఎవరూ చూడకుండా గోడకి ఆనుకుని, నోరు తెరిచి గాలి పీల్చుకునేది అతనే కదా మరి.

అతని పని స్ట్రెచర్ మొయ్యటం. లిఫ్టు లేని పాత భవనాల్లో మూడో అంతస్తు నుంచో నాలుగో అంతస్తు నుంచో రోగిని స్ట్రెచర్ మీద పడుకోబెట్టి, బెల్టులు బిగించి, ఇద్దరు మనుషులు ఆంబులెన్స్ దాకా దించుతారు. కాళ్ళ వైపు పట్టినవాడు ముందు దిగుతాడు. బరువులో పెద్ద వాటా వాడిదే. వాణ్ణి కింద మనిషి అంటారు. తల వైపు పట్టినవాడు పై మెట్ల మీద వంగి వెనకాలే దిగుతాడు. వాడు పైన మనిషి. ఇద్దరిలో బలమైనవాడే కింద పట్టాలి కాబట్టి తొమ్మిదేళ్ళుగా కింద మనిషి పహిల్వానే. బండి బయల్దేరే ముందు ఎవరు కింద, ఎవరు పైన అన్నది డ్రైవరు రిజిస్టర్‌లో రాస్తాడు. వీళ్ళ విషయంలో అడగటం కూడా మానేసి రాసేసేవాడు.

పైన మనిషి అతని బావమరిదే, భార్యకి సొంత తమ్ముడు. చొక్కా హ్యాంగరుకి వేలాడుతున్నట్టుంటాడు, అందుకని బక్కోడు. ఉద్యోగంలో పెట్టించింది పహిల్వానే. ఆ మాట పహిల్వాన్ ఎప్పుడూ అనలేదు, కానీ వాళ్ళక్క మాత్రం వారానికొకసారైనా అనేది.

ఈ పనిలో ఒక కట్టుబాటు ఉంది. మోసేటప్పుడు ఎవరి చెయ్యి పట్టు తప్పుతోందనిపించినా "దింపు" అనాలి. ఆ మాట వినపడగానే ఇద్దరూ ఉన్నచోటే స్ట్రెచర్‌ని మెట్ల మీద ఆనించేస్తారు. ఎందుకన్నావని అడగకూడదు, అన్నందుకు ఎగతాళి చెయ్యకూడదు. పనిలో చేరిన మొదటిరోజు నేర్పేది ఇదే. నేర్పినంత తేలిగ్గా ఎవరూ పాటించరు. బక్కోడు ఆరేడుసార్లు దింపు అన్నాడు, అన్నప్పుడల్లా డ్రైవరు వారంపాటు వాణ్ణి ఏడిపించాడు. పహిల్వాన్ తొమ్మిదేళ్ళలో ఒక్కసారి కూడా అనలేదు. అనలేదని అందరూ గొప్పగా చెప్పుకునేవాళ్ళు, అతనూ వినేవాడు, వినటం బాగుండేది.

ఆ రోజు నాలుగో అంతస్తు. రిటైరైన పంతులమ్మ, తుంటి నొప్పితో మంచం దిగలేకపోతోంది. పొద్దుట్నుంచీ వాళ్ళకి అది మూడో ఇల్లు. పైకెక్కేసరికే పహిల్వాన్ చొక్కా వీపుకి అంటుకుపోయింది. పంతులమ్మ కూతురు వీధి గేటు తీసి పట్టుకోవటానికి ముందే కిందికి దిగిపోయింది. పెద్దావిడ భయంతో కళ్ళు గట్టిగా మూసుకుని ఉంది. చూసేవాళ్ళెవరూ లేరు. పహిల్వాన్ గొంతు తగ్గించాడు.

"ఒరేయ్, ఇవాళ నువ్వు కింద పట్టరా. మోకాలు కొంచెం పట్టేసింది."

"సరే బావా," అన్నాడు బక్కోడు, స్ట్రెచర్ అవతలి వైపుకి నడుస్తూ.

మోకాలు రాయిలా ఉంది, దానికేం కాలేదు. లేనిది ఊపిరి. మూడో అంతస్తు దాటేసరికి అతని అరచేతుల్లో చెమట పట్టింది. రెండో అంతస్తు మలుపు దగ్గర వేళ్ళు తిమ్మిరెక్కాయి. దింపు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. అప్పటికే బావమరిదిని కింద పట్టమని అడిగాడు. ఇప్పుడు దింపు కూడా అంటే ఇంకేం మిగులుతుంది? కింది మలుపుకి ఇంకో ఆరు మెట్లేగా, అక్కడ ఆగొచ్చు అనుకున్నాడు. నాలుగు మెట్లు గడిచాయి. అయిదో మెట్టు మీద చేతుల్లోంచి పిడి జారిపోయింది.

తల వైపు భాగం మెట్ల మీద పడింది. పంతులమ్మ భుజం మెట్టు అంచుకి తగిలి ఆవిడ అరిచిన అరుపు కింద గేటు దాకా వినపడింది. స్ట్రెచర్ అలాగే జారి ఉంటే ఏమయ్యేదో తలచుకోవటం కూడా కష్టమే. బక్కోడు జారనివ్వలేదు. కాలు గోడకి తన్నిపెట్టి, ఛాతీ అడ్డం పెట్టి, మొత్తం బరువు ఒక్కడే ఆపాడు. కూతురూ డ్రైవరూ పరిగెత్తుకొచ్చేసరికి ఇద్దరూ పెద్దావిడకి చెరోపక్క మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నారు. ఎవరు ఎటువైపు నిలబడ్డారో తెలిసే వీల్లేదు.

ఆవిడ ప్రాణానికేం కాలేదు. మెడకీ భుజానికీ మధ్య ఎముక విరిగింది. మూడు నెలలు పట్టింది అతకటానికి.

మర్నాడు సూపర్‌వైజర్ మేడమ్ ఇద్దరినీ పిలిచింది. ఆవిడకి అరవడం తెలియదు. అదే భయం అందరికీ. రిజిస్టర్ ముందుకి జరుపుకుని చూసింది.

"పడింది తల వైపు. పైన మనిషి నువ్వే కదా?" అని బక్కోణ్ణి అడిగింది.

బక్కోడు వెంటనే జవాబు చెప్పలేదు. ఒక్క క్షణం ఆగాడు. ఆ క్షణం ఎవరికోసం వదిలాడో పహిల్వాన్‌కి బాగా అర్థమైంది. నోరు తెరిచాడు కూడా. తెరిచిన నోట్లోంచి దగ్గు వచ్చింది. దొంగ దగ్గు.

"అవును మేడమ్, నేనే," అన్నాడు బక్కోడు.

అంతే. విచారణ అయిపోయింది. అడగాల్సింది ఇంకేముంది? ఇద్దర్నీ పక్కపక్కన నిలబెడితే ఎవరు జారవిడిచి ఉంటారో కళ్ళున్న ప్రతివాడూ చెప్తాడు. వాణ్ణి దుప్పట్ల గదికి మార్చారు. ఉతికొచ్చిన దుప్పట్లు మడతపెట్టి వార్డులకి పంపే పని. కిటికీ లేని గది, గోడ అవతల యంత్రాల మోత. ఇకమీదట మోసేవాళ్ళందరికీ ఆరునెలలకోసారి బలపరీక్ష పెడతామనీ, మొదటిది నాలుగు నెలల్లో ఉంటుందనీ, పక్కకి మార్చినవాళ్ళు నెగ్గితే మళ్ళీ తీసుకోవచ్చనీ నోటీసు అంటించారు. పహిల్వాన్ భుజం మీద డ్రైవరు తట్టి, "నువ్వు కింద గట్టిగా పట్టబట్టి ముసలావిడ బతికిందన్నా," అన్నాడు. పహిల్వాన్ తేలు కుట్టిన దొంగలా తలూపాడు.

ఇంట్లో పరిస్థితి ఇంకా ఘోరం. కుట్టుమిషన్ ముందు కూర్చుని స్కూలు యూనిఫారాలు కుట్టే అతని భార్యకి నోరు కాస్త పెద్దది, మనసూ పెద్దదే. తమ్ముడంటే ప్రాణం. ప్రాణం కాబట్టే ఎక్కువ తిట్టింది. ఆ సాయంత్రం తమ్ముడు వస్తే ఛాతీ మీద కమిలిన చోట మందు రాస్తూ తిట్టింది.

"పట్టుకోలేకపోతే దింపమని అనొచ్చు కదరా! నోట్లో ఏం పెట్టుకున్నావు? ఆ పెద్దావిడకి ఏమన్నా అయ్యుంటే? మీ బావకి ఎంత తలవంపులు! ఉద్యోగంలో పెట్టించినందుకు ఆయన మొహం ఎక్కడ పెట్టుకోవాలి?"

"తప్పయిపోయింది అక్కా," అన్నాడు వాడు.

"ఈ దెబ్బేంటి ఛాతీకి?"

"జారినప్పుడు తగిలింది."

పహిల్వాన్ లేచి దొడ్లోకి వెళ్ళి, అవసరం లేకపోయినా మొహం కడుక్కున్నాడు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాడు. ఇప్పుడు లోపలికెళ్ళి చెప్పేస్తాను అనుకున్నాడు. వెళ్ళేసరికి ఆవిడ, "పాపం, ఆయన్ని చూడరా, నీ వల్ల ఎలా అయిపోయారో," అంటోంది. ఇక ఏం చెప్తాడు!

వారం తిరక్కుండా జిమ్‌లో చేరాడు.

సైకిల్ రిపేరు షాపు పైన ఒకే పెద్ద గది ఆ జిమ్. నడిపేది అరవై దాటిన ఒకావిడ. బరువులెత్తే పోటీల్లో ఒకప్పుడు నెగ్గిన మనిషి. అందరూ కోచమ్మ అంటారు. కొత్తగా వచ్చినవాళ్ళని ఆవిడ మొదట అడిగేది ఒకటే.

"ఎందుకొచ్చావు?"

"షుగర్ వచ్చిందండీ. డాక్టర్ చెప్పాడు."

"ఊఁ. మొదట అందరూ డాక్టర్ మీదే పెడతారులే," అని ఆవిడ చీటీ మీద రాసుకుంది.

నిజమే. అక్కడ కాస్త పరిచయాలు పెరిగాక అతనికీ తెలిసింది. రక్తపోటు అని చేరిన బ్యాంకు గుమాస్తా అసలు బాధ వేరు. పక్కింటాయన తనకన్నా ఆరేళ్ళు పెద్ద, అయినా మెట్లెక్కుతూ ఈల వేస్తాడు. నడుం నొప్పి అని చేరిన ఒకావిడ భర్త ఏడాది కిందట పోయాడు. ఒకరోజు సీసా మూత ఎంతకీ రాక, తీసిపెట్టేవాళ్ళు లేరని గుర్తొచ్చి, వంటింట్లో చతికిలబడి ఏడ్చి, మర్నాడే వచ్చి చేరింది. లెక్కల మాస్టారు ఒకాయన కిందపడ్డ సుద్దముక్క తీయటానికి వంగినప్పుడు ప్యాంటు చిరిగిందట. వాళ్ళు ఇవి నవ్వుతూ చెప్పుకునేవాళ్ళు. చెప్పుకోగలిగిన సిగ్గులు అవి. పహిల్వాన్ కూడా వాళ్ళతోపాటు నవ్వి, తన వంతు వచ్చేసరికి నీళ్ళు తాగటానికి వెళ్ళేవాడు.

ఇంట్లో కూడా అదే చెప్పటంతో షుగర్ అబద్ధం అక్కడా వేళ్ళు తన్నింది. భార్య ఆ రోజు నుంచే పంచదార డబ్బా తీసి పై అలమరలో పెట్టేసింది. కాఫీ చేదుగా వచ్చేది. చుట్టాలింటికెళ్ళినా పక్కన కూర్చుని, "ఆయనకొద్దండీ," అనేది. అతను తెల్లారకముందే లేచి పరుగుకి వెళ్తుంటే తనూ లేచి గుడ్లు ఉడకబెట్టేది. "ఇంత పట్టుదల ఉన్న మనిషిని నేను చూడలేదమ్మా," అని పక్కింటావిడతో గర్వంగా చెప్పుకునేది. అతను ఆ చేదు కాఫీ మాట్లాడకుండా తాగేవాడు. తగిన శాస్తే జరుగుతోందని ఒక్కోసారి అనిపించేది. చేదు కాఫీతో తీరిపోయే తప్పు అయితే ఎంత బాగుండు అనీ అనిపించేది.

ఒళ్ళు తగ్గింది. రెండు నెలల్లో బెల్టుకి రెండు కొత్త కన్నాలు పడ్డాయి. అతనికి కావలసింది అది కాదు. రోజూ చివర్లో రెండు ఇసక బకెట్లు చెరో చేత్తో పట్టుకుని, వేళ్ళు విడిపోయేదాకా అలాగే నిలబడేవాడు. మొదట్లో నిమిషం కూడా పట్టలేకపోయాడు. బకెట్టు జారి నేలకి తగిలినప్పుడల్లా ఒళ్ళు జలదరించేది.

ఒకరోజు కోచమ్మ వచ్చి ఎదురుగా స్టూలు వేసుకుని కూర్చుంది.

"షుగర్ ఉన్నవాళ్ళు నడుస్తారు, పరిగెడతారు. నువ్వు రోజూ ఈ బకెట్లతో తపస్సు చేస్తున్నావు. ఏం పడేశావయ్యా?"

అతని రెండు చేతుల్లోంచి బకెట్లు ఒకేసారి జారాయి.

"ఏం లేదండీ."

"సరే, ఇసక ఎత్తిపోసి వెళ్ళు," అంది ఆవిడ. మళ్ళీ అడగలేదు.

మూడో నెలలో ఒక ఆదివారం బక్కోడు ఇంటికొచ్చాడు. పహిల్వాన్ ఆరేళ్ళ పాప "మామయ్యా!" అంటూ పరిగెత్తి వాడి మీదికి దూకబోయింది. ఆ పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ వాడి భుజాల మీదే పెరిగింది. వాడు వంగి చేతులు చాపాడు.

"ఒద్దురా, ఎత్తకు," అంది మిషన్ దగ్గర్నుంచి వాళ్ళక్క. నోరు జారిందని తనకే తెలిసి, నవ్వు పులుముకుని, "పెద్దదైపోయిందిరా, బరువు," అంది.

చాపిన చేతుల్ని ఏం చెయ్యాలో తోచక వాడు పాప జడ సరిచేశాడు. "అవును, బరువెక్కింది," అన్నాడు.

పహిల్వాన్ గోడవారగా కుర్చీలో ఉన్నాడు. చేతిలో కప్పు ఉంది. ఆ క్షణం నేల నోరు తెరిచి మింగేస్తే బాగుండును అనుకున్నాడు. నేలకి వేరే పనులున్నాయి. మనిషన్నవాడు అక్కడ లేచి నిలబడి రెండు ముక్కలు చెప్పాలి. అతను నిలబడలేదు. కాఫీ తాగేశాడు.

ఆ సాయంత్రమే అతనికి ఒక ఉపాయం తోచింది. పిరికివాళ్ళకి ఉపాయాలు బాగా తోస్తాయి. బావమరిదిని కూడా జిమ్‌కి తీసుకెళ్ళాలి. పరీక్షకి ఇంకా నెల ఉంది. తయారుచేసి నెగ్గించేస్తే వాడి పని వాడికి తిరిగొస్తుంది. అక్క తిట్లు ఆగిపోతాయి. ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పనక్కర్లేదు. ఈ ఆలోచన వచ్చాక మూడు నెలల్లో మొదటిసారి అతనికి కంటినిండా నిద్రపట్టింది.

"రారా, నేను నేర్పిస్తాను," అన్నాడు మర్నాడు.

బక్కోడు అతని మొహంలోకి కాసేపు చూశాడు. "సరే బావా," అన్నాడు.

మొదటిరోజే వాడు ఇసక బకెట్లు పట్టుకుని గోడ గడియారం చూస్తూ నిలబడ్డాడు. పహిల్వాన్ చేతులు వణకటం మొదలైంది, వాడివి కాలేదు. పహిల్వాన్ దింపేశాడు, వాడు దింపలేదు. కోచమ్మ వచ్చి వాడి ముంజేయి పట్టి చూసింది.

"ఇతనికి నేర్పాల్సిందేమీ లేదు. ఎందుకు తీసుకొచ్చావు?"

"పరీక్ష ఉందండీ ఇతనికి," అన్నాడు పహిల్వాన్.

"ఇతనికా!" అంది ఆవిడ.

అయినా నెలరోజులూ తీసుకెళ్ళాడు. నడుం ఇలా వంచాలి, ఊపిరి ఇలా వదలాలి అని తనకి తెలిసినవన్నీ నేర్పించాడు. వాడు బుద్ధిమంతుడిలా తలూపుతూ నేర్చుకున్నాడు. భార్య ఇద్దరికీ గుడ్లు ఉడకబెట్టింది. "మీ బావలాంటి బావ దొరకాలంటే పెట్టి పుట్టాలిరా," అని తమ్ముడితో అంది. వాడు గుడ్డు మీద ఉప్పు చల్లుకుంటూ ఊఁ కొట్టాడు.

పరీక్షరోజు ఆసుపత్రి పాత భవనం మెట్ల దగ్గర అందరూ గుమిగూడారు. ఎనభై కిలోల ఇసక బొమ్మని స్ట్రెచర్‌కి కట్టి నాలుగంతస్తులు దించాలి. ఒకసారి పైన పట్టి, ఒకసారి కింద పట్టి. బావా బావమరిదీ జోడీ. మొదటిసారి పహిల్వాన్ కింద, బక్కోడు పైన. ఆగకుండా దించారు. రెండోసారి పహిల్వాన్ పైన, బక్కోడు కింద. రెండో అంతస్తు మలుపు దగ్గర, అయిదో మెట్టు మీద పహిల్వాన్‌కి కళ్ళు చీకట్లు కమ్మాయి. చేతులు మాత్రం పట్టే ఉన్నాయి. కిందికి చేరాక డ్రైవరు చప్పట్లు కొట్టాడు.

"బక్కోడివి అనుకున్నాం కదరా, ఉక్కు ముక్కవి!" అన్నాడు.

పహిల్వాన్ గుండె తేలికపడింది. అయిపోయింది, గట్టెక్కాం అనుకున్నాడు.

సూపర్‌వైజర్ మేడమ్ చప్పట్లు కొట్టలేదు. ఇద్దరినీ గదిలోకి పిలిచి తలుపు వేసింది. బక్కోడితో మాట్లాడింది.

"ఊపిరి కూడా ఎగరలేదు నీకు. ఇది నెలరోజుల్లో వచ్చే బలం కాదు, నేను ముప్ఫై ఏళ్ళుగా మోసేవాళ్ళని చూస్తున్నాను. నాలుగు నెలల కిందట కూడా నీ చేతుల్లో ఈ బలం ఉంది. అవునా?"

"ఉంది మేడమ్."

"బలం చాలక పడేశావనుకున్నాను. అది ఎవరికైనా జరుగుతుంది, అందుకే దుప్పట్ల గదిలో పెట్టి ఊరుకున్నాను. బలం ఉండి పడేశావంటే నీ ధ్యాస అక్కడ లేదని. అలాంటి మనిషిని బండి మీదే కాదు, ఆసుపత్రిలోనే ఉంచలేను. సాయంత్రానికి కాగితం పంపిస్తాను. నీ తరఫున చెప్పుకునేదేమన్నా ఉందా?"

ఇదంతా పహిల్వాన్ ఉపాయమే. తను నెగ్గించాలనుకున్న పరీక్ష. తను తీసుకెళ్ళిన జిమ్. నెలరోజులు పక్కనుండి ఊపిరి ఇలా వదలరా అని నేర్పించి, సొంత చేతుల్తో తెచ్చి ఇక్కడ నిలబెట్టాడు.

"ఏం లేదు మేడమ్," అన్నాడు బక్కోడు. ఈసారి ఎవరికోసమూ ఆగలేదు. వెంటనే అనేశాడు. ఎదురుచూడటం వాడు ఎప్పుడో మానేశాడన్నమాట.

అది పహిల్వాన్‌కి తగలాల్సిన చోట తగిలింది.

"ఆ రోజు పైన పట్టింది నేను," అన్నాడు. "మేడమ్, వీడు కింద పట్టాడు. నాకు ఆయాసం వచ్చి, పైన నేను పట్టుకుంటానని మార్చుకున్నాను. మోకాలని అబద్ధం చెప్పాను. దింపు అనాల్సింది, అనలేదు. నా చేతుల్లోంచే జారింది. స్ట్రెచర్ ఆపింది వీడే, ఒక్కడే."

మేడమ్ కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది.

"దింపు ఎందుకు అనలేదు?"

"సిగ్గేసింది."

"ఈ నాలుగు నెలలూ?"

దానికి అతని దగ్గర ఉన్న జవాబు మళ్ళీ అదే. ఆవిడ బక్కోడి వైపు తిరిగింది. "నిజమేనా?"

"బావ చెప్పాడు కదా మేడమ్," అన్నాడు వాడు నేల చూస్తూ.

వాడు మర్నాటి నుంచే బండి ఎక్కాలి. పహిల్వాన్ సంగతి పెద్ద విచారణలో తేలుతుంది, అంతవరకూ దుప్పట్లు మడతపెట్టాలి. ఈ రెండు మాటలు చెప్పి ఆవిడ రిజిస్టర్ తెరుచుకుంది. వెళ్ళండి అని కూడా అనలేదు.

బయట ఆంబులెన్సులు నిలిపే చోట ఇద్దరూ ఆగారు. సిగ్గుచేటైన సంగతే అయినా చెప్పుకోవాలి, బావమరిది చెయ్యి పట్టుకుని ఏదో ఒక మంచి మాట అంటాడని పహిల్వాన్ లోపల ఎక్కడో ఎదురుచూశాడు.

"నీకు కోపం లేదట్రా నా మీద?" అన్నాడు చివరికి.

"ఎందుకు లేదు? ఉంది." వాడి గొంతు ఎప్పటిలాగే మెత్తగా ఉంది. "ఆ రోజు నువ్వు దగ్గావు చూడు, సరే, భయపడ్డాడు, మర్నాడు చెప్తాడులే అనుకున్నా. వారం చూశా. నెల చూశా. అప్పటికీ అంత కోపం రాలేదు బావా. జిమ్‌కి రారా, నేను నేర్పిస్తానన్నావే, అప్పుడొచ్చింది. నా చేతులు బాగోలేవని నువ్వే నమ్ముతున్నట్టు మాట్లాడావు."

పహిల్వాన్ తన అరచేతులు చూసుకున్నాడు.

"అక్కకి నువ్వే చెప్పు. నేను మాత్రం చెప్పను," అని వాడు దుప్పట్ల గదిలో ఉన్న తన సంచీ తెచ్చుకోవటానికి వెళ్ళిపోయాడు.

పహిల్వాన్ ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం మూడైంది. పాప ఇంకా బడి నుంచి రాలేదు. భార్య మిషన్ మీద నీలం గుడ్డ పరిచి కుడుతోంది. అతన్ని చూడగానే మొహం వెలిగింది.

"నెగ్గాడా వాడు? నెగ్గే ఉంటాడు, మీరు అంత కష్టపడి..."

"ఆపు," అన్నాడు. నేల మీద, ఆవిడ ఎదురుగా కూర్చున్నాడు. కుర్చీలో కూర్చోవటానికి మనసొప్పలేదు. చెప్పటం మొదలుపెట్టాడు. మోకాలి అబద్ధం దగ్గర్నుంచి షుగర్ అబద్ధం దాకా, దొంగ దగ్గు దగ్గర్నుంచి ఇవాళ మేడమ్ గది దాకా, ఏదీ దాచలేదు. మధ్యలో ఎక్కడో మిషన్ ఆగిపోయింది. ఆవిడ తిడుతుందని చూశాడు. తిట్టినా బాగుండేది. తిట్లు తినటానికి సిద్ధపడే వచ్చాడు.

ఆవిడ సూది కింద ఉన్న గుడ్డ తీసి పక్కన పెట్టింది.

"వాడికి మొదటి రోజు నుంచీ తెలుసు కదా," అంది.

"తెలుసు."

"ఆ రోజు దెబ్బకి మందు రాస్తూ వాణ్ణి అన్ని మాటలన్నాను. పాపని ఎత్తనివ్వలేదు. వారం వారం అన్నాను. మీరు ఇక్కడే ఉన్నారు."

"ఉన్నాను."

"నేను తిడుతున్నప్పుడు, ఒక్కసారైనా, వాడు మీ వైపు చూశాడా?"

అతను గుర్తు తెచ్చుకోవటానికి ప్రయత్నించాడు. అన్ని ఆదివారాలూ, అన్ని సాయంత్రాలూ తిరగేశాడు. మందు రాయించుకుంటూ వాడు గోడ చూశాడు. తిట్లు పడుతూ పళ్ళెం చూశాడు. పాప జడ చూశాడు.

"లేదు," అన్నాడు. "ఎప్పుడూ చూడలేదు."

"చూసుంటే నాకు తెలిసిపోయేది," అంది ఆవిడ. "వాడి చూపు నాకు చిన్నప్పట్నుంచీ తెలుసు. అందుకే చూళ్ళేదు."

అప్పుడు ఏడ్చింది. మిషన్ మీద తల ఆనించి, శబ్దం రాకుండా. అతను చెయ్యి చాపబోయి వెనక్కి తీసుకున్నాడు. కాసేపటికి ఆవిడ లేచి, కుళాయి దగ్గర మొహం కడుక్కుని, చెప్పులేసుకుంది.

"ఎక్కడికి?" అన్నాడు.

"నా తమ్ముడి దగ్గరికి."

నేనూ రానా అని అతను అడగలేదు. ఆవిడ రమ్మనలేదు, వద్దనీ అనలేదు. తలుపు తీసే ఉంచి వెళ్ళిపోయింది. అతను లేచి వెనకాలే వీధిలోకి వచ్చాడు. ఆవిడ తలొంచుకుని గబగబా నడుస్తోంది, అప్పటికే పది ఇళ్ళు దాటింది. నాలుగు నెలల కిందటైతే ఆ దూరం అందుకోవటానికి అతనికి ఆయాసం వచ్చేది. ఇప్పుడు పెద్ద పనేం కాదు, నాలుగు అంగలేస్తే పక్కకి చేరిపోతాడు. పక్కన నడిచే మొహం లేక, అడుగులు చిన్నవి చేసుకుని, వెనకాలే నడిచాడు.